చెప్పేవాడు లేని పరంజా

ఆ ఏడు చలి ఒక పట్టాన వదల్లేదు. మార్చి నడుస్తున్నా తెల్లవారుజామున కారు అద్దం మీద మంచు పేరుకునే ఉండేది. మా అల్లుడు డీన్ పాత బ్యాంకు కార్డుతో దాన్ని గీకుతుంటే నేను ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని లోపల కూర్చునేవాణ్ణి. ఇంగ్లండులో మా ఊరు రన్‌కార్న్‌లో బయల్దేరి, కొండల మీది పెద్ద రోడ్డు దాటి, అవతలి వైపు నది ఒడ్డున ఉన్న కరెంటు స్టేషన్‌కి పోవాలి. చీకటి పడ్డాక మళ్ళీ అదే దారిన ఇంటికి.

అంత దూరం రోజూ ఎందుకు తిరగడం, అక్కడే గది తీసుకోరాదా అని అందరూ అనేవాళ్ళు. మాతో పరంజాలు కట్టేవాళ్ళు చాలామంది గదుల్లోనే ఉండేవాళ్ళు. డీన్ ఉండలేడు. మా అమ్మాయి రోడాకి మూర్ఛ. మెలకువగా ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. నిద్రలోనే వస్తుంది. ఒకరు పక్కనుండి ఒత్తిగిలబెట్టి, ఊపిరి ఆడేలా చూడాలి. ఆ మనిషి డీన్. నేనూ ఆ ఇంట్లోనే ఉంటాను గానీ నా చెవులు గొట్టాల మోతకి ఎప్పుడో పోయాయి; దగ్గరుండి గట్టిగా మాట్లాడితే తెలుస్తుంది, పక్క గదిలో చప్పుడు తెలీదు.

మాలాంటివాళ్ళని సైటు కంపెనీ నేరుగా పెట్టుకోదు. పని చూపించేది ఒక ఏజెన్సీ. జీతం ఇచ్చేది ఇంకొకరు. దాన్ని గొడుగు కంపెనీ అంటారు. ఈ నెల ఇక్కడ, వచ్చే నెల ఇంకోచోట తిరిగే మనుషులందరినీ తన కింద పెట్టుకుని, వీళ్ళ యజమానిని నేనే అంటుంది. దానివల్ల మాకు జరిగిన మేలు ఒక్కటే. ఇంటి నుంచి సైటుకి నడిపిన మైళ్ళ ఖర్చు జీతంలోంచి ముందే పక్కకి తీసి, మిగిలినదాని మీదే పన్ను వేసేవాళ్ళు. దూరం పెరిగితే పన్ను తగ్గుతుంది. డీన్ రోజూ వచ్చి తన పెళ్ళాం పక్కన పడుకోగలుగుతున్నాడంటే ఆ మైళ్ళ చలవే. అవి లేకపోతే జీతాన్ని డీజిలే తాగేసేది.

ఆ ఆదివారం రోడా బంగాళాదుంపలు కాలుస్తూ, గొడుగు కంపెనీ నుంచి వచ్చిన ఉత్తరం పైకి చదివింది.

“మైళ్ళు తీసేస్తున్నారు నాన్నా. ఏప్రిల్ నుంచి కొత్త చట్టమంట.”

“అందరికీ కాదు. కిందది గూడా చదువు,” అన్నాడు డీన్.

“ఇంకొకరి చేతికింద, వాళ్ళు చెప్పినట్టు పని చేసేవాళ్ళకి తీసేస్తారంట. ఏ పని ఎలా చెయ్యాలో ఎవరూ చెప్పకుండా, సొంతంగా చేసుకునేవాళ్ళకి ఉంచుతారంట.” రోడా ఉత్తరం దించి నా వంక చూసింది. “పరంజా ఎవరూ చెప్పకుండా కడతారా ఎక్కడైనా?”

నేను రొట్టెకి వెన్న రాసుకుంటున్నాను. డీన్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

“సైట్లో మా పైనుండే స్టబ్స్‌తో మాట్లాడాం. ఆయనకేం అభ్యంతరం లేదన్నాడు. మమ్మల్ని ఎవరూ చూడరు, ఎవరూ చెప్పరు అని మేం రాసివ్వాలి. అవునని ఆయన సంతకం పెట్టాలి. అంతే.”

“మరి నాన్న?”

“అదే గదా,” అన్నాడు డీన్.

మా జట్టుకి మేస్త్రీని నేను.

*

క్యాంటీన్ బల్ల మీద, టీ మరకల మధ్యనే సంతకాలయ్యాయి. స్టబ్స్ అంటే సైటు తరఫున పరంజాలన్నీ చూసే సూపర్‌వైజరు. ఎర్రటి మొహం. ఎప్పుడూ ఆకలేసినవాడిలా ఏదో నములుతూ ఉండేవాడు. కాగితాలు తనే పంచాడు.

మా జట్టులో అందరికంటే నోరున్నవాడు టెర్రీ. వాడు కాగితం ఎత్తి పట్టుకుని చదివాడు. “‘నీ పని ఎలా చెయ్యాలో నీకు ఎవరైనా చెబుతారా?’ మా ఆవిడ చెబుద్ది. ఆవిడ పేరు రాయమంటారా?”

“లేదని పెట్టు,” అన్నాడు డీన్.

“పెట్టానంటే ఆవిడ చంపుద్ది. ‘నీ పనిని ఎవరైనా పక్కనుండి గమనిస్తారా?’ పావురాలు గమనిస్తాయి. పేరుకి గొడుగు కంపెనీ గానీ, వానొస్తే తడిసేది మాత్రం మనమేరా.”

అందరూ నవ్వారు. నవ్వుతూనే పెట్టారు. నా వంతు వచ్చింది. నా సంతకం నెమ్మది. నేను పుట్టింది బొగ్గు పడవలో. మా నాన్న కాలవల మీద బొగ్గు మోసేవాడు. పడవ ఏ బడి దగ్గర కట్టేస్తే ఆ బడికి పోవడం, తాడు విప్పితే రావడం. అవన్నీ కూడితే మూడేళ్ళ చదువు. నేను పేరు రాస్తున్నంతసేపూ స్టబ్స్ నములుతూ నిలబడ్డాడు.

“ఇక మీరంతా దొరలు,” అన్నాడు కాగితాలు సర్దుకుంటూ. “మీ పని మీది. నా నెత్తిన ఒక బరువు దిగింది.”

సాయంత్రం కొండల మీద పొగమంచు దిగింది. ముందు పోయే లారీ వెనక దీపాలు తప్ప ఏమీ కనబడటం లేదు. డీన్ స్టీరింగు మీదికి వంగి నడుపుతున్నాడు.

“మావా, ఒక మాట. సోమవారం నుంచి నువ్వు మాకేం చెప్పకూడదు.”

“ఊఁ.”

“నువ్వెలాగూ మాట్లాడవు గదా. నీకు కష్టమేం కాదు.”

“పనిలో మాట్లాడతాను.”

“అదే వద్దంటున్నా. గొడుగు కంపెనీ వాళ్ళు చెప్పాపెట్టకుండా వచ్చి చూస్తారంట. నువ్వు చెప్పడం, మేం వినడం వాళ్ళ కంటబడిందా, మైళ్ళు పోయినట్టే. నాకోసం కాదు. రోడా కోసం.”

ఎడమపక్క ఒక కారు కంచెలోకి దూరి ఉంది. తలుపు తెరిచే ఉంది. లోపల ఎవరూ లేరు. డీన్ దాన్ని చూడలేదు. నేనూ చెప్పలేదు. అప్పుడే మొదలుపెట్టానన్నమాట.

*

పరంజాని కళ్ళతో చూసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చేత్తో చూస్తాను. పొద్దున్నే ఎవరూ ఎక్కకముందు మూల గొట్టానికి అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడతాను. బిగువుగా ఉన్న పరంజా ఒకే తీరున మోగుతుంది. ఎక్కడో గొట్టాలని కలిపి పట్టే క్లాంపు వదులైతే ఆ మోత రెండుగా చీలుతుంది. అది నాకెవరూ నేర్పింది కాదు. చిన్నప్పుడు పడవ చుక్కాని నా చేతికిచ్చి మా నాన్న లోపల తిండి తినేవాడు. అడుగు మట్టిని తాకబోయే ముందు చుక్కాని పిడిలో ఒక వణుకు వస్తుంది. చెవికి వినబడదు, కంటికి కనబడదు. అది తెలిసిన వెంటనే తిప్పాలి. తాకాక తిప్పితే లాభం లేదు.

ఏప్రిల్లోనూ చెయ్యి పెడుతూనే ఉన్నాను. చెప్పడం మానేశాను, అంతే.

మొదట్లో వేళాకోళంగానే ఉండేది. ఒక క్లాంపు చేత్తో తిప్పి వదిలేసి ఉంటే నేను దగ్గేవాణ్ణి. టెర్రీ వెనక్కి వచ్చి దాన్ని స్పానరుతో బిగించేవాడు. “తాత దగ్గాడురోయ్. రాసుకోండి, దగ్గు గూడా ఆజ్ఞే.” తర్వాత డీన్ దగ్గు గూడా వద్దన్నాడు. వదులుగా ఉన్నచోట గుడ్డపీలిక కట్టాను. రెండు రోజులకి అదీ వద్దన్నాడు.

స్టబ్స్ ఇదివరకు రోజూ పొద్దున్న నాతోపాటు ఒక చుట్టు తిరిగేవాడు. ఇప్పుడు దూరం నుంచే చెయ్యి ఊపి పోయేవాడు. నిచ్చెన మొదట్లో ఒక పచ్చ చీటీ వేలాడుతుంది. చూసినవాడు సంతకం పెడితేనే ఎక్కాలి. ఇన్నాళ్ళూ నేను పెట్టేవాణ్ణి. ఇప్పుడు ఎవరైనా పెట్టొచ్చు. అందుకని ముందు ఎక్కేవాడు ఎక్కుతూ ఎక్కుతూ గీసేసేవాడు.

వాళ్ళు చెడ్డ పనివాళ్ళు కాదు. డీన్ చెయ్యి మంచిది. కానీ పైనున్నవాడికి తన కాళ్ళ కింద చెక్కే తెలుస్తుంది. మొత్తం ఎలా ఉందో కింద నిలబడ్డవాడికే తెలుస్తుంది. అందుకే ఒకణ్ణి కింద పెడతారు. ఆ సంగతి ఆ చట్టం రాసినవాళ్ళకి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇంటికొచ్చాక రోడా అడిగేది. “నాన్నా, పని ఎలా ఉంది?”

“బాగుంది.”

“మీ ఇద్దరూ కొట్టుకున్నారా?”

“లేదు.”

“మరి ఆయన నీ మొహం వంక చూడడేంటి?”

డీన్ ప్లేటు సింకులో పెట్టి పైకి పోయేవాడు.

*

మే నెలలో బాయిలరు పక్కన పెద్ద పరంజా లేపాం. చర్చి గోపురమంత ఎత్తు. దాన్ని ఇనప స్తంభాలకి పట్టి ఉంచేవి అడ్డ గొట్టాలు. పైపుల వాళ్ళు ఒక పెద్ద గొట్టాన్ని లోపలికి దించడానికి దారి లేదని వాటిలో రెండు ఊడదీశారు. మళ్ళీ పెడతామన్నారు. ఇదివరకైతే వాళ్ళు నన్నడగాలి. నేను స్టబ్స్‌ని అడగాలి. ఇప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు. పెట్టారో లేదో చూసే పని ఎవరిదీ కాదు.

ఆ పొద్దున గొడుగు కంపెనీ తరఫున ఒక అమ్మాయి వచ్చింది. పేరు నటాలీ. కొత్త బూట్లు, తలకంటే పెద్ద టోపీ. అందరినీ మర్యాదగా పలకరించింది. నిచ్చెన దగ్గర టెర్రీని ఆపింది.

“పనిలో మీకు అనుమానం వస్తే ఎవరినడుగుతారు?”

“నా అంతరాత్మనండి.”

“అది చెప్పకపోతే?”

“అప్పుడు టీ తాగుతానండి.”

ఆ అమ్మాయి నవ్వింది, రాసుకుంది. టెర్రీ నాకు కన్నుగీటి ఎక్కాడు. డీన్ అప్పటికే పైనున్నాడు. ఇంకో ఇద్దరు మధ్యలో ఉండి గొట్టాలు చేతులు మార్చి పైకి అందిస్తున్నారు. నటాలీ నా పక్కకి వచ్చి నిలబడింది.

“మీరేం చేస్తుంటారండీ?”

“కింద ఉంటాను.”

“కింద ఉండి?”

“ఉంటాను.”

అప్పుడే పక్క యూనిట్లో పెద్ద ఫ్యాను తిప్పడం మొదలుపెట్టారు. శీతాకాలమంతా ఆగి ఉన్నది. కాళ్ళ కింద నేల సన్నగా అదిరింది. నేను మూల గొట్టానికి చెయ్యి ఆనించాను.

మోత చీలింది. కానీ అది క్లాంపు వదులైన తీరు కాదు. కింద నుంచి పైకి పోయిన అదురు మళ్ళీ కిందికి వస్తోంది, వచ్చినప్పుడల్లా కాస్త పెరుగుతోంది. మట్టి తాకబోయే పడవ. అరవై ఏళ్ళ తర్వాత అదే వణుకు నా చేతిలోకి వచ్చింది.

పైకి చూశాను. నిటారుగానే ఉంది. డీన్ ఒక కాలు గొట్టం మీద పెట్టి వంగి, పాటేదో పాడుకుంటున్నాడు కాబోలు, పెదాలు కదులుతున్నాయి. నటాలీ నన్నే చూస్తోంది.

“డీన్,” అన్నాను. “దిగు.”

గట్టిగా అరవలేదు. అయినా అందింది. పన్నెండేళ్ళుగా ఆ గొంతు విని దిగినవాడు. ఎందుకని అడగలేదు. చేతిలోది చెక్కల మీద పెట్టి నిచ్చెన పట్టుకున్నాడు. వాడి వెనక టెర్రీ, టెర్రీ వెనక మిగతా ఇద్దరూ. నేల మీదికొచ్చి వరసగా నిలబడ్డాక గానీ డీన్‌కి గుర్తురాలేదు. ముందు నన్ను చూశాడు. తర్వాత ఆ అమ్మాయిని చూశాడు.

“ఎందుకు దిగారు?” అని అడిగింది నటాలీ.

“టీకండి,” అన్నాడు టెర్రీ. నవ్వలేదు.

“టీ ఇందాకే అయింది గదండీ.”

ఆ అమ్మాయి చెడ్డది కాదు. కాసేపు కలం పట్టుకుని ఊరికే నిలబడింది. తర్వాత తల వంచుకుని రాసింది.

స్టబ్స్ వచ్చాడు. మెడ ఎత్తి పైదాకా చూశాడు. గొట్టాన్ని బూటుతో తన్నాడు.

“ఏమైంది దీనికి? నిలబడే ఉందిగా.”

“అడ్డ గొట్టాలు రెండు లేవు,” అన్నాను.

“పెడతారు. ఇంకా?”

“వణుకుతోంది.”

“ఫ్యాను తిరుగుతుంటే ప్రతీదీ వణుకుద్ది తాతా. నీ వయసుకి నీ చెయ్యే వణుకుతోందేమో, డాక్టరుకి చూపించుకో.” మిగతావాళ్ళ వైపు తిరిగాడు. “ఎక్కండెక్కండి.”

ఎక్కారు. అది పడలేదు. సాయంత్రం దాకా నేను అక్కడే నిలబడ్డాను. పడలేదు.

*

గొడుగు కంపెనీ జాగ్రత్త పడింది. ఈ సైటులో మా జట్టుని ఒకరు నడిపిస్తున్నారని తేలింది గనక, పని అయ్యేదాకా మైళ్ళు లేవంది. మేస్త్రీ లేడని రాసిచ్చి మేస్త్రీని పెట్టుకున్నారు, రేపు నాకూ చిక్కే అని స్టబ్స్ నన్ను రావద్దన్నాడు. మరి ఆ కాగితాలు చింపెయ్యండి అంటే మాత్రం చింపలేదు. ఎవరూ మమ్మల్ని చూడరని మేం రాసిచ్చిన మాట అతని బీరువాలోనే ఉంది. మాకు మైళ్ళూ పోయాయి, చూసేవాడూ పోయాడు.

నా ఆఖరి రోజు, కారు కొండలు దిగాక డీన్ అడిగాడు.

“అది పడిందా మావా?”

“లేదు.”

“పడుద్దా?”

“తెలీదు.”

“తెలీదు. తెలీకుండానే దిగమన్నావు.”

“చేతికి తెలిసింది.”

“నీ చేతికి,” అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

డీన్ అక్కడ గది తీసుకున్నాడు. వాడూ టెర్రీ కలిసి, ఒక చిప్స్ కొట్టు మేడ మీద. ఆదివారం సాయంత్రం పోయి శుక్రవారం వచ్చేవాడు. పోయే ముందు నాకు అన్నీ చెప్పాడు. ఎలా ఒత్తిగిలబెట్టాలి, తల కింద ఏం పెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, ఎంతసేపటికి ఆగకపోతే అంబులెన్సుకి ఫోన్ చెయ్యాలి. చెప్పి, నా చెవుల వంక చూశాడు.

“పక్కన బాంబు పడినా నీకు వినబడదు గదా మావా.”

“తలుపు తీసి పడుకుంటాను.”

మొదటి వారంలోనే మూర్ఛ వచ్చింది. నేను తలుపు తీసే పడుకున్నాను. పొద్దున టీ ఇవ్వబోతే రోడా మంచానికీ గోడకీ మధ్య నేల మీద ఉంది. నాలిక కొరుక్కుంది. దిండు మీద రక్తం ఎండిపోయి ఉంది. చెంప కమిలి నల్లబడింది. ఎంతసేపు అలా ఉందో తనకీ తెలీదు, నాకూ తెలీదు.

మొహం కడుక్కుని వచ్చి వంటింట్లో కూర్చుంది. మాట ముద్దగా వస్తోంది.

“ఆయనకి చెప్పకు నాన్నా. చెబితే పని వదిలేసి వచ్చేస్తాడు. వస్తే ఏం తింటాం?”

నేను తలూపాను.

“నీకు చెప్పకుండా ఉండటం బాగా వచ్చుగా,” అంది. నవ్వబోయింది గానీ నాలిక నొప్పి.

ఆ పూట షెడ్డులోంచి ఒక గొట్టం తెచ్చాను. రోడా గదికీ నా గదికీ మధ్య ఉన్నది పలచటి చెక్క గోడ. దానికి కన్నం పెట్టాను. గొట్టం ఒక చివర తన మంచం ఇనప కాలికి క్లాంపుతో బిగించాను. రెండో చివర నా దిండు పక్కదాకా లాగి, కింద ఆనిక పెట్టాను. రోడా గుమ్మంలో నిలబడి చూసింది.

“ఏంటి నాన్నా ఇది?”

“పడుకుని దొర్లు.”

దొర్లింది. తెలిసింది. దగ్గమన్నాను. అదీ తెలిసింది.

“నేనేమన్నా పరంజానా, చెయ్యి పెట్టి చూడ్డానికి?” అంది. “ఇంగ్లండు మొత్తం మీద ఇంట్లో పరంజా కట్టింది నువ్వొక్కడివే అయి ఉంటావు.”

ఆ రాత్రి నుంచి గొట్టం మీద చెయ్యి వేసి పడుకున్నాను. మనిషి దొర్లితే ఒకలా ఉంటుంది. కల వస్తే ఒకలా ఉంటుంది. రెండోసారి వచ్చినప్పుడు, తను మంచం అంచుకి జారకముందే నేను పక్కన ఉన్నాను.

*

శుక్రవారం డీన్ వచ్చాడు. చిక్కిపోయాడు. రోడా చెంప మీద పౌడరు వేసుకుంది. వాడు పౌడరునీ చూశాడు, గొట్టాన్నీ చూశాడు. స్పానరు తెచ్చి, మంచం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, నేను బిగించిన క్లాంపుని ఇంకో పావు తిప్పు బిగించబోయాడు. అది తిరగలేదు. స్పానరు కింద పెట్టాడు.

ఆదివారం భోజనాలయ్యాక రోడా కళ్ళు మూసుకుపోతున్నాయని పైకి పోయి పడుకుంది. డీన్ సంచి సర్దుకుని, పోయే ముందు నా గదిలోకి వచ్చాడు. మంచం అంచున కూర్చుని గొట్టం చివర అరచెయ్యి వేశాడు. వెటకారంగానే వేశాడు.

“ఏం తెలుస్తుంది మావా దీంట్లో? నాకేం లేదే.”

“ఉంచు.”

“రైలు పోతున్నట్టుంది.”

“అది ఫ్రిజ్. ఉంచు.”

బయట ఎవరో గడ్డి కోస్తున్నారు. డీన్ కిటికీలోంచి చూస్తూ ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. మొహంలో రంగు మారింది. చేతి వంక చూసుకున్నాడు. నేను లేచేసరికి వాడు తలుపు దాటిపోయాడు.

నేను వెళ్ళేసరికి రోడాని ఒత్తిగిలబెట్టి, తల తన అరచేతిలో పెట్టుకుని ఉన్నాడు. కొంతసేపటికి తగ్గింది. రోడా కళ్ళు తెరిచి మా ఇద్దరినీ చూసి, “ఇద్దరూ ఉన్నారా, దండగ,” అని మళ్ళీ నిద్రపోయింది.

ఇద్దరం వంటింట్లోకి వచ్చాం. డీన్ కెటిల్ పెట్టడం మరిచిపోయి దాని ముందే నిలబడ్డాడు.

“మొదట అసలేం లేదు. తర్వాత సన్నగా వచ్చింది. వచ్చి, పెరిగింది.”

“ఊఁ.”

“ఆ రోజు నీ చేతికి ఇలాగే తెలిసిందా?”

“ఇంకా ఎక్కువ.”

డీన్ కెటిల్‌ని పక్కకి నెట్టాడు.

“ఆ గొట్టాలు రెండింటిలో ఒకటే పెట్టారు,” అన్నాడు. “రెండోది ఇంకా పెట్టలేదు. రేపు పైన చెక్కల మీద ఇటుకలు పేర్చాలంట. రెండు బండ్లు.”

“ఎక్కుతున్నావా?”

“రోజూ ఎక్కుతున్నా.” కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. చేతులు బల్ల మీద పెట్టాడు. “ఎక్కడ పెట్టాలి చెయ్యి? ఎంతసేపు పెట్టాలి? మంచి అదురేదో, చెడ్డదేదో ఎలా తెలుస్తుంది? చెప్పు మావా.”

చెప్పాను. నా జన్మలో ఒక్క పూటలో అన్ని మాటలు మాట్లాడింది లేదు. పొద్దు వాలేదాకా చెప్పాను. వాడు లేచి కారెక్కాడు.

*

సోమవారం ఫోను మోగినప్పుడు నేను వంటింట్లోనే ఉన్నాను. రోడా ఎత్తింది. నాకు వినబడదని, అవతల ఏమంటుంటే అది నాకు గట్టిగా చెబుతూ వచ్చింది.

“చెయ్యి పెట్టాడంట నాన్నా.”

“ఫ్యాను తిరుగుతోందా?”

“తిరుగుతోందంట. పెరిగి పెరిగి వస్తోందంట. నువ్వు చెప్పినట్టే ఉందంట. జట్టునంతా దింపేశాడంట. పచ్చ చీటీ చింపేశాడంట.”

“స్టబ్స్?”

రోడా విన్నది. మొహం బిగుసుకుంది. తర్వాత పెదవి కొనలు కాస్త కదిలాయి.

“వచ్చి అరిచాడంట. ఎవడు చెప్పాడ్రా నిన్ను దిగమని అన్నాడంట.”

“వీడేమన్నాడు?”

“‘ఎవరూ చెప్పలేదు, మాకెవరూ చెప్పరు, కాగితం మీ బీరువాలోనే ఉంది’ అన్నాడంట.”

అవతల ఇంకేదో చెబుతున్నాడు. రోడా ఫోను చెవికి అదుముకుంది. ఈసారి నాకు చెప్పడానికి ఆలస్యం చేసింది.

“పనిలోంచి తీసేశారు నాన్నా. టెర్రీని గూడా. ఇప్పుడు ఇంకో జట్టుని వ్యానులో తెచ్చారంట. కుర్రాళ్ళంట. వాళ్ళూ ఆ కాగితం మీద సంతకం పెట్టే వచ్చారంట.” ఫోనులోకి అడిగింది. “మరి నువ్వింకా అక్కడేం చేస్తున్నావు? బయల్దేరు.” విన్నది. నా వైపు తిరిగింది. “వాళ్ళకి చెప్పి వస్తానంటున్నాడు. నిచ్చెన కిందే ఉన్నాడంట.”

“నిచ్చెన కింద నిలబడొద్దని చెప్పు.”

అప్పటికే ఫోను పెట్టేశాడు.

మళ్ళీ చేస్తే ఎత్తలేదు. టెర్రీకి చేస్తే వాడూ ఎత్తలేదు. కొండల మీద పొగమంచని రేడియోలో చెప్పారంది రోడా. టీ పెట్టింది, ఎవరం తాగలేదు. చీకటి పడ్డాక నేను నా గదిలోకి వచ్చి మంచం అంచున కూర్చున్నాను. రోడా వచ్చి పక్కన కూర్చుంది. దీపం వెయ్యలేదు. కారు చప్పుడు నాకు వినబడదు. అలవాటు కొద్దీ గొట్టం మీద చెయ్యి వేశాను. అవతల మంచం ఖాళీగా ఉంది. గొట్టం చల్లగా, ఏ కదలికా లేకుండా ఉంది. రోడా గూడా నా చెయ్యి పక్కన తన చెయ్యి వేసింది.

చాలాసేపు ఫ్రిజ్ ఒక్కటే తెలిసింది. అదీ ఆగిపోయింది.

తర్వాత గొట్టం ఒక్కసారి అదిరి ఊరుకుంది. మా వీధి తలుపు వేస్తే ఇల్లంతా అలాగే అదురుతుంది. మేమిద్దరం కాక ఆ తలుపు తాళంచెవి ఉన్నది డీన్ దగ్గరే.